కాకి ముట్టని ఆకు

మా తమ్ముడు పోయాక వచ్చిన మొదటి పెద్దల పండక్కి మరదలు ఫోన్ చేసింది. "వదినా, మీ తమ్ముని పటం యాడ తగిలించల్లో నువ్వొచ్చి చెప్పు. గోడ మీద జాగా లేదు. ఆ ముసిలామెది తీసేద్దామా?" అంది. ముసిలామె అంటే మా జేజి తల్లి. అంటే, ఇంట్లో అందరూ జేజి తల్లి అనుకునే ఆమె. జమ్మలమడుగు ఇంటి నడవలో నాలుగు పటాలున్నాయి. నాయిన, అమ్మ, నాయినను కన్న మా జేజి, చివర ఆమె. మొదటి ముగ్గురూ పోవడం నేను కళ్ళారా చూశాను. నాలుగో ఆమె ఎప్పుడు పోయిందో, ఎలా పోయిందో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఆమె మా ఇంటి మనిషి కాదు, మా ఊరి మనిషి కాదు, ఈ దేశపు మనిషే కాదు. ఆ సంగతి తెలిసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఇన్నేళ్ళూ నోరు కుట్టేసుకుని ఉన్నాను. "తీయొద్దు, నేను వస్తాండా" అని చెప్పి మర్నాడు పొద్దున్నే కడపలో ప్రొద్దుటూరు మీదుగా పోయే బస్సెక్కాను.

ఇప్పుడది స్లాబు ఇల్లు. నా చిన్నప్పుడు మట్టి మిద్దె. దూలాల మీద కట్టెలు పరిచి, ఆ పైన మట్టి, మట్టి మీద చౌడు తొక్కి చేసిన చదునైన కప్పు. వానాకాలం ముందు మళ్ళీ చౌడు పోసి తొక్కేవాళ్ళు. ఆ తడి చౌడు వాసన, ఎండకు ఘాటెక్కిన మిరపకాయల వాసన, జేజి చీర కొంగులోని నశ్యం వాసన, ఈ మూడూ కలిస్తే అదే మా ఇల్లు. మిద్దె మీదికి పోవడానికి మెట్లు లేవు, వెదురు నిచ్చెన ఉండేది. ఆడవాళ్ళ సంసారం సగం ఆ నిచ్చెన మీదుగానే జరిగేది. ధాన్యం ఎండేదక్కడ, తల ఆరబెట్టుకునేదక్కడ, ఊరందరి ముచ్చట్లూ తేలేదక్కడ. నాయిన ప్రొద్దుటూరులో ఒక శెట్టిగారి బట్టల అంగట్లో పనిచేస్తూ ఆదివారాలు మాత్రమే ఇంటికొచ్చేవాడు కాబట్టి మిగతా ఆరు రోజులూ ఆ ఇంటికి మహారాణి మా జేజే. ఆమెకొక పట్టింపు ఉండేది. తను తినబోయే ముందు పిడికెడు సంగటి మిద్దె పిట్టగోడ మీద పెట్టేది. కాకి వచ్చి ముడితేనే కింద కూర్చుని తినేది. కాకి రాకపోతే పస్తే. నాకు ఆకలేస్తున్నా సరే, ఆమె కళ్ళు పైకే ఉండేవి.

నా తర్వాత అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టి, ఇద్దరూ పురుడు వెళ్ళకముందే పోయారు. రెండోవాడికి ఉయ్యాల కట్టడానికి దూలానికి బిగించిన ఇనుప కొక్కెం అట్లాగే ఉండిపోయింది. దాని కింద నుంచి నడవాల్సి వస్తే అమ్మ తల వంచుకుని పోయేది, తగులుతుందేమో అన్నట్టు. నేను అయిదో తరగతిలో ఉండగా ఆమె మళ్ళీ నీళ్ళోసుకుంది. కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు పోయిందని అరుగుల మీద మగవాళ్ళు ఇంకా గొణుక్కుంటున్న రోజులవి. ఆ యేడు వాన పడలేదు. పెన్నలో చెలమలు తోడితే తప్ప నీళ్ళు లేవు. అమ్మ కాళ్ళు ఉబ్బాయి, ముఖం పాలిపోయింది. ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు గానీ అందరూ ఆ కొక్కెం వైపే చూసేవాళ్ళు.

అప్పుడే ఒక మధ్యాహ్నం సోది చెప్పే ఎరుకలామె వచ్చింది. చేట ముందు పెట్టుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని, కర్రతో అరచెయ్యి తడుముతూ కళ్ళు మూసుకుంది. "మీ ఇంట్లో ఒక ఆడమనిషి నీళ్ళకేడుస్తాంది తల్లీ. ఆకు పెట్టినోళ్ళు లేరు, పేరు తల్చినోళ్ళు లేరు. దోవలో పడిపోయింది. ఆమెకు మొగం గావల్ల, మొగం ముందర బువ్వ గావల్ల. అది జరిగేదాకా ఈ ఇంట్లో ఉయ్యాల ఊగదు" అంది. ఎవరి కాళ్ళకింద భూమి కదిలిందో నాకప్పుడు తెలియలేదు. జేజి ముఖం మాత్రం బూడిద రంగుకు తిరిగింది. ఆమె నాలుగేళ్ళ పిల్లగా ఉండగా పులివెందుల వైపు ఊరు కరువుకు ఖాళీ అయింది. తల్లి ఆమెను చంకనేసుకుని పెన్న దిక్కుగా నడిచింది. ఎక్కడో దారిలో ఒక మొండి గోడ నీడన కూర్చుంది. మళ్ళీ లేవలేదు. దారినపోయేవాళ్ళు బిడ్డను ఎత్తుకొచ్చారు, తల్లిని అక్కడే వదిలేశారు. ఎక్కడ పూడ్చారో, అసలు పూడ్చారో లేదో తెలియదు. తల్లి ముఖం జేజికి గుర్తులేదు. తల మీదినుంచి కప్పుకున్న నల్లటి గుడ్డ ఒక్కటే గుర్తు. పుట్టింటి పెద్దలకు అత్తగారింట్లో ఆకు వేయకూడదని మా తాత బతికున్నన్నాళ్ళూ ఒప్పుకోలేదట. తాత పోయాక అడిగేవాళ్ళు లేకపోయినా, ముఖం లేని మనిషికి ఆకు ఎలా వేయాలో జేజికి తోచలేదు.

ఆ పుస్తకం సరిగ్గా ఆ నెలలోనే ఇంటికి రావాలా? ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మా ఆడపిల్లల బడిలో టీచరమ్మ ఒకావిడ ఉండేది. ఎవరో అమెరికా దొరసాని ఊరొదిలి వెళుతూ ఆవిడకు ఇచ్చిపోయిన పెద్ద అట్ట పుస్తకం, నిండా ఫోటోలు. ప్యూబ్లో అనే జనం గురించినది. అమెరికాలో తెల్లవాళ్ళు అడుగుపెట్టక ముందునుంచీ ఎండు నేలల్లో ఊళ్ళు కట్టుకుని బతికినవాళ్ళని టీచరమ్మ చెప్పింది. వాళ్ళ దేవుళ్ళ బొమ్మలను తగలబెట్టిన దొరల మీద ఊళ్ళన్నీ ఒకేరోజు తిరగబడ్డాయనీ, ఆ రోజేదో అందరికీ తెలియడానికి ముడులు వేసిన తాళ్ళను ఊరూరికీ పరుగెత్తించారనీ చెబితే నోరు తెరుచుకుని విన్నాను. దేశపటాలు చక్కగా గీస్తానని ఆవిడకు నా మీద ఇష్టం. ఒక శనివారం ఆ పుస్తకాన్ని తువ్వాలలో చుట్టి ఇచ్చి, "మీ అమ్మకు చూపించి సోమవారం తీసుకురా" అంది.

ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక మిద్దె మీద అమ్మ, జేజి, పక్కింటి ఎల్లమ్మత్త చుట్టూ కూర్చుంటే నేను పేజీలు తిప్పాను. మేం అమెరికాను చూడబోతున్నామనుకున్నాం. మా ఇళ్ళే కనబడ్డాయి. మట్టి గోడలు, చదునైన మట్టి కప్పులు, ఒక మిద్దె మీద ఇంకో మిద్దె, మిద్దె మిద్దెకూ నిచ్చెన. కప్పుల మీద ఎండేసిన కంకులు, గోడలకు వేలాడే మిరపకాయల దండలు. వరసగా మూడు రాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని జొన్నలో, మొక్కజొన్నలో నూరుతున్న ఆడవాళ్ళు. నెత్తిన కడవలతో బావి నుంచి వస్తున్న ఆడవాళ్ళు. పుట్ట మాదిరి గుండ్రటి మట్టి పొయ్యిలు. "ఓసినీ, వీళ్ళూ మన మాదిరే సంగటి తింటారేమో మే" అని ఎల్లమ్మత్త నవ్వింది. "దూలాలు చూడు, గోడలోంచి బయటికొచ్చినాయి, మన రామన్న మేస్త్రీ కట్టినట్టే" అంది అమ్మ. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను. కొన్ని ఫోటోల్లో జనం కెమెరాకు వీపు తిప్పి నిలబడ్డారు. వరసలు కట్టి చిందేస్తున్నవాళ్ళను ఎవరో దూరంనుంచి దొంగచాటుగా తీసినట్టున్నారు. వాళ్ళు ఎందుకు అటు తిరిగారో ఎవరం అడగలేదు.

ఇంకో పేజీ తిప్పగానే జేజి నా చెయ్యి పట్టుకుంది. ఒక మొండి గోడ ముందు కూర్చున్న ముసలామె. తల మీదినుంచి నల్లటి గుడ్డ కప్పుకుంది. ఒళ్ళో ఒక కుండ. కళ్ళు నేరుగా మమ్మల్నే చూస్తున్నాయి, ఏదో అడగబోయి ఆగినట్టుగా. జేజి బొమ్మ మీదికి వంగింది. "మాయమ్మ" అంది చివరికి. ఎల్లమ్మత్త నవ్వబోయి, జేజి ముఖం చూసి మానుకుంది. "ఆ నొసలు చూడండి. నా నొసలే. ఆ గుడ్డ, ఆ గోడ. మాయమ్మే. ఏ దేశానికి పోయి కూచ్చుందో చూడండి" అంది. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. తర్వాత బొమ్మ కింది అక్షరాల మీద వేలు పెట్టి, "ఈడ ఏం రాసినారు పాపా?" అని అడిగింది.

ఆ ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలిగింది నేనొక్కదాన్నే. కింద ఆమె పేరుంది. తన ఇంట్లో కుండలు చేస్తుందని ఉంది. ఇద్దరు మనవరాళ్ళు ఆమె దగ్గర పని నేర్చుకుంటున్నారని ఉంది. చేసేది అని కాదు, చేస్తుంది అని. ఆ తేడా నాకు బాగా తెలుసు, ఆ వారమే టీచరమ్మ బెత్తంతో నేర్పింది. తలెత్తి చూస్తే అమ్మ నా వైపే చూస్తోంది, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని. ఆ కళ్ళలో ఎన్ని నెలలుగానో లేని ఆశ. "ఊరి పేరు జేజీ, ఇంకేం లేదు" అన్నాను. నా జీవితంలో నేనాడిన పెద్ద అబద్ధం అంతే. అయిదు మాటలు.

బతికున్నవాళ్ళ ఫోటోకు దండ వేస్తే వాళ్ళు చచ్చిపోతారని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. ఇప్పటి పిల్లలు అన్నం తింటూ, పళ్ళు తోముకుంటూ సెల్‌ఫోన్లో ఫోటోలు తీసుకుంటారు, మర్నాటికి మరిచిపోతారు. అప్పుడు ఫోటో అంటే మనిషిలో కొంత భాగాన్ని తీసి గోడకు తగిలించడమే. అందుకే మా ఇంట్లో బతికున్నవాళ్ళ ఫోటో ఒక్కటి కూడా ఉండేది కాదు. టీచరమ్మ పెద్ద మనసుతో ఇంకో వారం గడువిచ్చింది. నాయిన పుస్తకాన్ని ప్రొద్దుటూరుకు తీసుకుపోయి ఒక స్టూడియోలో ఆ బొమ్మకు ఫోటో తీయించి పెద్దది చేయించాడు. కింది అక్షరాలు కత్తిరించేశారు. స్టూడియో ఆయనకు రంగులద్దడంలో మంచి చెయ్యి. పెద్దల పటం కోసమని తెలియగానే, ఎవరూ అడక్కుండానే, సన్నటి కుంచెతో ఆమె నొసట గుండ్రంగా ఎర్రటి బొట్టు దిద్దాడు. అక్కడే పటాలు కట్టే మస్తాన్ మామ దానికి నల్ల చెక్క బిగించి ఇచ్చాడు. దాన్ని విప్పి గోడకు ఆనించగానే ఎల్లమ్మత్త చెంపలేసుకుంది. ఇప్పుడామె ఎవరి కళ్ళకైనా మా జేజి తల్లే.

పెద్దల అమావాస్య వచ్చింది. కొత్త చీర మడత పెట్టి పటం ముందుంచారు. బంతిపూల దండను జేజే స్వయంగా వేసింది. ఆ దండ మెడ దగ్గరికి జారింది. ఎక్కడో సముద్రాల అవతల మట్టి పిసుకుతున్న ఒక ముసలామె ఉన్నట్టుండి చెయ్యి ఆపి గుండె పట్టుకోవడం నాకు కనబడింది. మిద్దె మీద మూడు ఆకులు వేశారు. తాతకొకటి, తాత అమ్మానాయనలకొకటి, ఆమెకొకటి. అన్నం, పప్పు, వడలు, బెల్లపన్నం. కాకులు గుంపుగా వచ్చాయి. మొదటి ఆకు చెల్లాచెదురు చేశాయి, రెండోది ఖాళీ చేశాయి. మూడో ఆకు పక్కనే గెంతుతూ తిరిగాయి గానీ ఒక్కటీ ముక్కు పెట్టలేదు. జేజి చేతులు జోడించి పిలిచింది. నెయ్యి తెచ్చి పోసింది. పొద్దువాలేదాకా ఎండలో అట్లాగే నిలబడింది, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆకు మీది అన్నం ఎండి పగిలింది. కిందికి దిగుతూ ఆమె నిచ్చెన మీద ఒకసారి ఆగి, ఎవరివైపూ చూడకుండా, "అలిగిందిలే" అంది. ఆ రాత్రినుంచే అమ్మకు జ్వరం.

నెల గడిచింది. అమ్మకు నెలలు నిండాయి. మంత్రసాని వచ్చి చూసి పెదవి విరిచి పోయింది. నాకు ఏమీ తోచేది కాదు. బిడ్డ బతికితే అక్కడ ఆమె చచ్చినట్టు, ఆమె బతికుంటే బిడ్డ చచ్చినట్టు, రెండూ నా నోటి మాట మీదే ఆగినట్టు అనిపించేది. అన్నం సహించేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం మిద్దె మీద జేజి మిరపకాయల తొడిమలు తీస్తుంటే పక్కన కూర్చుని, ఏడుస్తూ చెప్పేశాను.

"జేజీ, ఆమె చావలేదు. బతికే ఉంది. కుండలు చేస్తాంది. కింద రాసినారు. నేనే చెప్పలే."

నన్ను కొడుతుందనుకున్నాను. ఆమె తల కూడా ఎత్తలేదు.

"నాకెరికే" అంది. "చచ్చినామె అయింటే కాకి ముట్టేది గదా."

"మరి దండ తీసెయ్యి జేజీ. ఆమెకేమన్నా అయితే?"

"మీయమ్మ మొగం చూసినావా? ఆ పటం చూసుకునే అది ఇంగా మంచం మీద ఊపిరి పీలుస్తాండాది. దండ తీసినానంటే ఈ పొద్దే పోతాది. ఎవురో ఒకరు పోవల్లంటే ఆడామెనే పోనీ. మనకేం చుట్టమా, పక్కమా?" అని, మళ్ళీ తొడిమ తుంచింది. "ఈ మాట ఇంగ ఎవురితోనూ అనాకు."

ఆ రోజుతో జేజి మీద నా ప్రేమ చచ్చిపోయింది. పదకొండేళ్ళ పిల్లకు అంత మాట మోయడం చేతకాలేదు. ఆమె చేత్తో కలిపిన ముద్ద తినడం మానేశాను. మర్నాడు పొద్దున్నే ఆమె గోడమీది పటం దించి, తుండుగుడ్డలో చుట్టుకుని, ఒక్కతే ప్రొద్దుటూరు బస్సెక్కింది. అద్దం పగిలింది, మార్పించుకొస్తానంది. అద్దం పగలడం నేను చూడలేదు. అంతకన్నా పెద్ద పటం కట్టించుకొస్తుందేమో, ఇంకా గట్టిగా చంపడానికేమో అనుకున్నాను. సాయంత్రం తిరిగొచ్చింది. పటం అంతే ఉంది. దాంతోపాటు దర్గాలో మంత్రించిన తాయెత్తు ఒకటి తెచ్చింది, నల్ల దారానికి కట్టిన చిన్న రాగి గొట్టం. మస్తాన్ మామ దగ్గరుండి ఇప్పించాడట. మూడో రోజు తమ్ముడు పుట్టాడు. బొడ్డు కోయగానే జేజి ఆ తాయెత్తు వాడి మొలకు కట్టింది. వాడు ఏడ్చాడు. పురుడు వెళ్ళాక కూడా ఏడ్చాడు. కొక్కేనికి ఉయ్యాల కట్టారు. ఇల్లంతా నవ్వుతుంటే నేనొక్కదాన్నే నడవలోకి పోయి, బొట్టు పెట్టిన ఆ ముఖం వైపు చూడలేక వెనక్కి వచ్చేదాన్ని.

ఆ తర్వాత జేజి బతికిన తొమ్మిదేళ్ళూ ప్రతి పెద్దల పండక్కీ ఆ పటంలోని ఆమెకు ఆకు వేశారు. తొమ్మిదేళ్ళూ కాకి ముట్టలేదు. జేజి పొద్దువాలేదాకా నిలబడి, దిగివచ్చి, అప్పుడు తినేది. చివరి రోజుల్లో మంచం మీదినుంచి నన్ను పిలిచింది. నేను కడపలో చదువుకుంటున్నాను, సెలవులకు వచ్చాను. ఏదో చెప్పబోయింది. "ఇప్పుడెందుకులే, పడుకో" అని లేచి బయటికి వచ్చేశాను. అంత కసి నాలో. తర్వాత ఆ జనం గురించి దొరికినవన్నీ చదివాను. కెమెరాలు తమ దేవుళ్ళ మీదికీ పండగల మీదికీ రాకుండా వాళ్ళు ఎన్నో ఊళ్ళలో కట్టడి చేశారనీ, అడగకుండా తీసిన ఫోటోల గురించి ఇప్పటికీ బాధపడతారనీ తెలిసింది. చదివేకొద్దీ మా ఇంటి తప్పు పెరిగింది. ఆమె పేరు నాకు గుర్తుంది. ఇక్కడ రాయను. ఆమెను అడగలేదు కదా.

పోయిన పెద్దల పండక్కి అట్లా జమ్మలమడుగు పోయి, మరదలు స్టూలు వేస్తే ఎక్కి పటం దించాను. చెక్కకు చెదలు పట్టాయి, వెనక అట్ట ఉబ్బి మేకులు ఊడిపోతున్నాయి. కొత్త అట్ట వేద్దామని విప్పాను. ఫోటో వెనక, సరిగ్గా గుండె ఉండే చోట, ఒక నల్ల దారం ఉంది. దానికొక రాగి గొట్టం, పచ్చగా చిలుమెక్కింది. దారానికి ఏడు ముడులు. తమ్ముడి మొలకు కట్టిన తాయెత్తుకూ ఏడే ముడులు. చిన్నప్పుడు వాడికి స్నానం చేయించేటప్పుడు నేనే లెక్కపెట్టేదాన్ని. రెండూ ఒకే రోజు, ఒకే చేతిమీదుగా వచ్చినవి.

స్టూలు మీద అట్లాగే కూర్చుండిపోయాను. చచ్చినవాళ్ళకు తాయెత్తు కట్టరు. పటం ముందు దండ అమ్మ చూడాలి కాబట్టి ఉంచింది. వెనక ఇది ఎవరూ చూడకూడదు కాబట్టి కట్టింది. ఎవరో ఒకరు పోవాలన్న మనిషి ఎవరినీ పోనివ్వకుండా ఒక్కతే బస్సెక్కి పోయి ఇద్దరికీ కట్టించుకొచ్చింది. ఆ మొదటి యేడు తప్పిస్తే, మిద్దె మీద పొద్దువాలేదాకా నిలబడింది కాకి ముట్టాలని కాదు, ముట్టకూడదని. ఆ చివరి రోజుల్లో మంచం మీదినుంచి చెప్పబోయింది ఇదేనేమో. నేను వినలేదు. డెబ్బై దాటిన ముసలిదాన్ని, నడవలో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. మరదలు తమ్ముడి కోసం అనుకుని వీపు నిమిరింది. ఆమె అనుకున్నదీ అబద్ధం కాదు.

తాయెత్తు విప్పలేదు. కొత్త అట్ట వేసి మేకులు కొట్టి, ఆ పటాన్ని వేరే గోడకు, విడిగా తగిలించాను. తమ్ముణ్ణి జేజి పక్కన పెట్టాం. మరదలు అయిదు దండలు గుచ్చి ఉంచింది. నాలుగు వేసి, ఒకటి మిగిల్చాను.

"ఆ ముసిలామెకు వదినా?" అంది.

"ఆమెకొద్దు" అని, మిగిలిన దండ కూడా జేజి మెడలోనే వేశాను.